గిన్నెడు గుజ్జు, గుప్పెడు పొట్ట

"తాతా, గుమ్మడికాయ గుజ్జు గిన్నెడు తినేస్తోంది. మొన్న ఆనపకాయ పెడితే అదీ తినేసింది. అయినా ఈ నెల తూకంలో పెద్దగా తేడా లేదేటి?"

మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. పాపకి ఏడో నెల నడుస్తోంది. తల్లిపాలు మానలేదు. జ్వరం లేదు, విరేచనాలు లేవు, పిలిస్తే కిలకిలా నవ్వుతోంది. గుమ్మడికాయా మంచిదే, ఆనపకాయా మంచిదే. మరి తేడా ఎక్కడొచ్చింది? శ్రీకాకుళం రైతుబజారులో చంటిపిల్లను చంకనేసుకుని కూరలు ఏరుకునే కొత్త తల్లులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అందుకని అమ్మాయికి చెప్పిన సంగతులే మీకూ చెబుతాను.

ముందు తూకం సంగతి. పుట్టిన కొత్తలో బిడ్డ నెలకు ముప్పావు కిలో దాకా పెరుగుతుంది. ఐదు నెలలు వచ్చేసరికి పుట్టినప్పటి బరువు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆ వేగం అలాగే సాగదు. ఆరు నెలలు దాటాక నెలకు మూడు నాలుగు వందల గ్రాములు పెరిగితే చాలు, ఏడాది నిండేసరికి పుట్టినప్పటికి మూడింతలవుతుంది. కాబట్టి కాస్త నెమ్మదించడం సహజమే. సగం బెంగ అక్కడే తీరిపోవాలి. మిగతా సగానికి లెక్క కట్టి చూడాలి.

ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు బాగానే అందుతుంటే, పైతిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు అది 300 అవుతుంది, ఏడాది దాటాక 550. ఇప్పుడు మన కూరల దగ్గరికి రండి. వంద గ్రాముల ఆనపకాయలో ఉండేది 14 కేలరీల లోపే. ఆ కాయలో 95 పాళ్ళు నీళ్ళే మరి. గుమ్మడికాయ కాస్త మేలు, పాతిక కేలరీల దాకా ఇస్తుంది. అదే వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 నుంచి 70 కేలరీలుంటాయి. అంటే మనం ఎంతో ముచ్చటపడి చేసిన గుమ్మడి గుజ్జు తల్లిపాలలో సగం సత్తువ కూడా ఇవ్వదు. ఆనపకాయ గుజ్జు అయిదో వంతు ఇస్తుంది, అంతే.

ఒక్క గుమ్మడికాయతోనే 200 కేలరీలు రావాలంటే రోజుకు ముప్పావు కిలో పైన తినిపించాలి. ఆనపకాయతో అయితే కిలోన్నర. బిడ్డ పొట్ట ఎంత? కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడున్నర కిలోల పాపకి 225 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు అనుకోండి. ఆ గ్లాసును పలచని గుజ్జుతో నింపేస్తే పొట్ట బిగిసిపోతుంది, బిడ్డ తృప్తిగా త్రేనుస్తుంది, తర్వాత పాలకి రాదు. తల్లి "కడుపు నిండా తింది" అనుకుంటుంది. నిండింది నిజమే, అందులో ఎక్కువ నీళ్ళు.

మా మనవరాలి మొహం చిన్నబోయింది. "అయితే కూరలు మానెయ్యమంటావా?" అంది. మానొద్దు తల్లీ, మానొద్దు. కూరగాయ చేసే పని వేరు, అన్నం, పప్పు చేసే పని వేరు. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకూడదు, అంతే.

కూరగాయ చేసే పెద్ద పని ఏమిటో కళ్ళతోనే చూడొచ్చు. పండిన గుమ్మడిముక్క ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే పప్పుగుత్తితో మెదిపి, పైన అరచెంచా నెయ్యి వేసి కాసేపు కదపకుండా చూడండి. కరిగిన నెయ్యి అంచుల దగ్గర నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు బీటా కెరోటిన్. అది నీళ్ళలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. ముక్కలోంచి నెయ్యిలోకి ఎలా దిగిందో, బిడ్డ పేగులో కూడా ఆ నెయ్యి తోడుంటేనే ఒంట్లోకి దిగుతుంది. లోపలికి వెళ్ళాక శరీరం దాన్ని విటమిన్-ఎగా మార్చుకుంటుంది. 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ తింటే ఒక మైక్రోగ్రాము విటమిన్-ఎ తయారవుతుందని లెక్క. నెయ్యి గాని నూనె గాని లేకుండా పెట్టిన గుమ్మడి గుజ్జులో రంగు చాలావరకు ఒంటబట్టకుండానే బయటికి పోతుంది.

ఈ విటమిన్ విషయంలో మన తెలుగునేల మీద జరిగిన పని చిన్నది కాదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లో కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. అక్కడి శాస్త్రవేత్తల పరిశోధన ఆధారంగానే 1970లో పిల్లలకు విటమిన్-ఎ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. రేచీకటి వచ్చి, కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు లేచి, చివరికి కనుగుడ్డే కరిగిపోయిన పిల్లల్ని చూసిన తరం మాది. ఇప్పుడు ఆ కళ్ళు కనబడటం లేదంటే ఆ విటమిన్-ఎ మందు, ఇళ్ళలో పెరిగిన తిండి, తట్టు టీకా అన్నీ కలిసి చేసిన పుణ్యం. గుమ్మడి, కేరట్, మునగాకు, తోటకూర ఇవన్నీ బిడ్డ గిన్నెలోకి రావలసిందే.

ఇక గుజ్జు చేసే పద్ధతి. పచ్చి గుమ్మడిముక్కను పప్పుగుత్తితో ఎంత నొక్కినా నలగదు. పావుగంట ఉడికితే అదే వెన్నలా నలుగుతుంది. ఎందుకంటారు? కూరగాయ అంటే లక్షల కొద్దీ కణాలు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం ఉన్నట్టు ఆ కణాల మధ్య పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. వేడికి పెక్టిన్ విడిపోయి నీళ్ళలో కరుగుతుంది. గోడ విడిపోతుంది, ఇటుకలు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. చింతపండో నిమ్మరసమో పులుపు ముందే వేస్తే పెక్టిన్ తొందరగా కరగదు. పులుసులో వేసిన ముక్క గట్టిగా ఉండిపోవడానికి కారణం ఇదే. కాబట్టి బిడ్డకి ఉడికించేటప్పుడు పులుపు వద్దు, నిమ్మచుక్క వేయాలనుకుంటే దించాకే.

ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఉడికిస్తే మంచిది. నీళ్ళలో వేసి ఉడికిస్తే విటమిన్-సి, ఫోలేట్ రెండూ ఆ నీళ్ళలోకి దిగిపోతాయి. అలా ఉడికించినా ఫరవాలేదు గాని, ఆ నీళ్ళు పారబోయకండి. గుజ్జు పలచన చేసుకోవడానికి అవే వాడండి.

బంగాళాదుంపని మాత్రం మిక్సీలో వేయొద్దు. వేసి చూసినవాళ్ళకి తెలుసు, మెత్తని గుజ్జు రావడానికి బదులు అంటించే బంక తయారవుతుంది. దుంప కణాల లోపల పిండి రేణువులుంటాయి. ఉడికేటప్పుడు అవి నీళ్ళు తాగి ఉబ్బి, కణం గోడ లోపలే ఉండిపోతాయి. పప్పుగుత్తి కణాల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీస్తుంది, మిక్సీ బ్లేడు కణాన్నే చీల్చి లోపలి పిండిని బయట పడేస్తుంది. ఆ పిండే బంక. బిడ్డ నాలుకకి అతుక్కుని మింగలేక అవస్థ పడుతుంది. పెండలం, కంద, చిలకడదుంప దేనికైనా పప్పుగుత్తే మేలు. చిలకడదుంపకి నార ఉంటే చిల్లుల గిన్నెలో వేసి గరిటెతో రుద్దండి, నార పైనే ఆగిపోతుంది. పాతబడి మెత్తబడిన పొందూరు పంచె ముక్కలో వేసి పిండే మామ్మలు మా వీధిలో ఉండేవారు. శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డయితే అదీ బాగానే పనిచేస్తుంది.

చిలకడదుంప పేరెత్తాను గనక దాని విశేషం చెప్పాలి. కుంపటి బూడిదలో నెమ్మదిగా కాల్చిన దుంప, కుక్కర్లో బేగి ఉడికించిన దుంప కంటే తియ్యగా ఉంటుంది. ఊహ కాదు, నిజంగానే తీపి పెరుగుతుంది. ఆ దుంపలోనే ఎమైలేజు అనే ఎంజైము ఉంది. సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడి మధ్య అది పిండిని కోసి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. నెమ్మదిగా వేడెక్కితే ఆ వేడిలో దుంప ఎక్కువసేపు ఉంటుంది, ఎంజైముకి పని చేసుకునే తీరిక దొరుకుతుంది. కుక్కర్లో అయితే ఆ మెట్టు ఇట్టే దాటిపోతుంది. అంచేత బిడ్డకి చిలకడదుంప పెట్టేవాళ్ళు సన్నని సెగ మీద ఆవిరికి ఉడికించుకుంటే చక్కెర ఊసే అక్కర్లేదు. పైగా వంద గ్రాములకు 90 నుంచి 110 కేలరీలు. మన లెక్కలో ఆనపకాయకి ఎన్నో రెట్లు.

ఎమైలేజు మన నోట్లోనూ ఉంది. మా ఇంట్లో ఒకరోజు పాప తిని వదిలేసిన చిలకడదుంప గుజ్జు, తిన్న చెంచాతో సహా గిన్నెలోనే ఉండిపోయింది. కాసేపటికి చూస్తే చెంచా చుట్టూ నీళ్ళు ఊరి, గట్టిగా ఉన్న గుజ్జు జారుడుగా తయారైంది. "పాడైపోయిందేటి తాతా?" అంది అమ్మాయి. అప్పటికింకా పాడవలేదు. చెంచాతో పాటు గిన్నెలోకి వచ్చిన పాప లాలాజలం పిండిని కొయ్యడం మొదలుపెట్టింది. పక్కన వేరే గిన్నెలో, ఎంగిలి తగలని గుజ్జు ఇంకా గట్టిగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నమ్మింది. చిన్నపిల్లల్లో క్లోమం నుంచి వచ్చే ఎమైలేజు మొదటి నెలల్లో బాగా తక్కువ. ఆ లోటును నోటి లాలాజలం, తల్లిపాలలో ఉండే ఎమైలేజు కొంత పూడుస్తాయి. గుజ్జు పలచన చేయాల్సి వస్తే నీళ్ళకి బదులు నాలుగు చెంచాల తల్లిపాలు పిండి కలపమని నేను చెప్పేది అందుకే. సత్తువ తగ్గదు, అరుగుదలకి తోడొస్తుంది. ఎంగిలి పడ్డ గిన్నెని మాత్రం మరో పూటకి దాచకూడదు. లాలాజలంతో పాటు క్రిములూ చేరతాయి.

ఇదే ఎంజైమును మన పెద్దలు పేరు తెలియకుండానే వాడుకున్నారు. చోళ్ళు, అంటే రాగులు, రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, మొలకల తోకలు రుద్ది తీసేసి, దోరగా వేయించి పిండి కొట్టించే పద్ధతి మనకి కొత్త కాదు. గింజ మొలకెత్తేటప్పుడు తనలో దాచుకున్న పిండిని కరిగించుకోడానికి ఎమైలేజు తయారు చేసుకుంటుంది. ఆ మొలకపిండి ఒక చెంచా, గట్టిగా కాచిన అన్నం జావలోనో చోడి జావలోనో వేసి కలిపితే కొద్ది నిమిషాల్లో జావ దానంతటదే పలచబడుతుంది. నీళ్ళు పోయకుండానే పలచబడింది గనక, చెంచాడు జావలో గింజ ఎక్కువ, నీళ్ళు తక్కువ. గుప్పెడు పొట్టకి కావలసింది ఇదే. 1980లలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం ఈ సంగతి మీద శ్రద్ధగా పనిచేసి, పిల్లల జావల్లో మొలకపిండిని ఎలా వాడాలో చూపింది. ఒక జాగ్రత్త ఉంది. మరుగుతున్న జావలో వేస్తే ఎంజైము నశించిపోతుంది. జావ దించి, కాస్త చల్లారాక, ఇంకా బాగా వేడిగా ఉండగానే కలపాలి. పలచబడ్డాక మళ్ళీ ఒక పొంగు రానిచ్చి దించాలి, పిండిలో ఏమైనా క్రిములుంటే పోతాయి. మొలకలు సరిగ్గా ఎండకపోతే బూజు పడుతుంది, ముక్కవాసన వస్తే పారబోయడమే.

చోళ్ళ మాట వచ్చినప్పుడు విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానాన్ని తలుచుకోవాలి. చోళ్ళలో ఎన్నో మంచి రకాలు అక్కడ పుట్టాయి. ఇనుము ఎక్కువగా ఉండేలా రూపొందించిన వేగవతి అనే రకం కూడా అక్కడిదే. నాగావళిలో కలిసే మన వేగవతి నది పేరే దానికి పెట్టారు. చోళ్ళలో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, వరిబియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. పొలం పనికి వెళ్ళేవాళ్ళు తాగే చోడంబలిని తక్కువగా చూసిన రోజులున్నాయి. ఆ గింజే చంటిపిల్ల ఎముకలకి కావలసిందని ఇంటింటికీ చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు గిన్నె ఎలా కూర్చాలో చెబుతాను. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి మెదిపిన ముద్ద 60 గ్రాములు, అందులో గుమ్మడో తోటకూరో 30 గ్రాములు, ఒక చెంచా నెయ్యి. ముద్దకి 70 కేలరీలు, నెయ్యికి 40, గుమ్మడికి 8. వంద గ్రాములు కూడా లేని ఆ గిన్నెలో దాదాపు 120 కేలరీలు వచ్చాయి. రోజుకు రెండుసార్లు పెడితే 200 దాటిపోయింది, పాలకి చోటూ మిగిలింది. చిక్కదనం చూడ్డానికి కొలతలక్కర్లేదు. చెంచాతో తీసి వంచితే గబుక్కున జారిపోకూడదు, చెంచాని పట్టుకుని నిలబడాలి. జారిపోతే పలచన. మొదటి రోజుల్లో రెండు మూడు చెంచాలు చాలు, నెమ్మదిగా అరకప్పు దాకా పెంచుకోవాలి.

దీనికోసం వేరే వంట అక్కర్లేదు. మన వైపు గుమ్మడికాయకి బెల్లం పులుసు పెడతాం, అరటికాయకి ఆవ పెడతాం, పప్పులో మునగాకు వేస్తాం. ఉప్పు, కారం, బెల్లం వేయక ముందు, ముక్క మెత్తబడిన తరుణంలో బిడ్డ వాటా తీసి పక్కన పెట్టండి. ఏడాదిలోపు పిల్లలకి ఉప్పు, చక్కెర, బెల్లం కలపక్కర్లేదు. వాళ్ళ మూత్రపిండాలు ఉప్పును మనలాగా బయటికి తోసేయలేవు, కావలసినంత సోడియం పాలలోనూ కూరల్లోనూ వచ్చేస్తుంది. చప్పిడి తిండి బిడ్డకి రుచించదని అనుకోవడం మన నోటితో చూసి అనుకునే మాట. ఉప్పు ఎరగని నాలుకకి గుమ్మడి తీపే తీపి.

మా ఆవిడ, అంటే పాపకి తాతమ్మ, "చుక్క తేనె నాకిద్దాం, గొంతు విప్పుతుంది" అంది. ఏజెన్సీ కొండల నుంచి గిరిజన సహకార సంస్థ తెచ్చి అమ్మే తేనె మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, మంచి తేనె. అయినా ఏడాది నిండేదాకా ఏ తేనె అయినా వద్దన్నాను. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియా బీజాలు ఉండే వీలుంది. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలవలేవు. పసిపిల్లల పేగుల్లో మొలిచి, కండరాల్ని పట్టుతప్పించే విషాన్ని తయారు చేస్తాయి. 1976లో కాలిఫోర్నియాలో ఈ జబ్బును మొదటిసారి గుర్తించారు. మరిగించినా ఆ బీజాలు చావవు. మా ఆవిడ విని ఊరుకుంది, తేనెసీసా పై అరలోకి పోయింది.

ఇనుము సంగతి మరిచిపోకూడదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోంచి కొంత ఇనుము దాచుకుని వస్తుంది. ఆ నిల్వ ఆరు నెలల ప్రాంతానికి అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు, ఉన్నదాంట్లో సగం దాకా ఒంటబడుతుంది గాని ఆ తర్వాత అది చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా బిడ్డ ఒంటికి అందేది తక్కువ. నిమ్మచుక్క, జామపండు గుజ్జు లాంటివి తోడైతే కొంత పెరుగుతుంది. చేపలో, మాంసంలో, కాలేయంలో ఉండే ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది. రాష్ట్రంలో అన్నిటికంటే పొడవైన సముద్రతీరం మన శ్రీకాకుళం జిల్లాది, 193 కిలోమీటర్లు. చేప తినే ఇళ్ళలో బిడ్డకి ఏడాది నిండేదాకా చేప తాకనివ్వకపోవడం నాకు బాధనిపిస్తుంది. ముళ్ళు వేళ్ళతో తడిమి తడిమి తీసేసి, మెత్తగా మెదిపి అన్నంలో కలిపి పెట్టొచ్చు. బాగా ఉడికిన గుడ్డూ పెట్టొచ్చు. చేప, మాంసం ముట్టని ఇళ్ళలో ప్రభుత్వం ఇచ్చే ఐరన్ చుక్కలు మరీ ముఖ్యం. ఆరు నెలలు నిండిన బిడ్డకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఆశ కార్యకర్త గాని ఏఎన్ఎం గాని ఇస్తారు. అడిగి తీసుకోండి.

ఉద్దానం జీడిపప్పు బంధువులు తెస్తారు. బలమైన తిండి, కాదనను. గింజగా మాత్రం అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి, గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆగుతుంది. మెత్తగా నూరి గుజ్జులో కలపండి. వేరుశనగకీ ఇదే మాట.

వండిన గుజ్జు మన ఉక్కపోతలో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. పైతిండి మొదలైన నెలల్లోనే పిల్లలకి విరేచనాలు ఎక్కువ పట్టుకుంటాయి. చేతులు, గిన్నెలు, నీళ్ళు, నిలవ తిండి ఈ నాలుగే దారులు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కాచి చల్లార్చిన నీళ్ళు వాడాలి. ఉగ్గుగిన్నె ముక్కులో తిండి ఇరుక్కుని కడగడానికి అందదు, విడిగా గిన్నె, చెంచా వాడటమే నయం. పాలకూర, బీట్‌రూట్ గుజ్జుల్ని అసలే నిలవ చేయొద్దు. వాటిలో నైట్రేట్ ఎక్కువ. నిలవుంటే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అది రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుతుంది. అప్పటికప్పుడు వండి పెట్టేస్తే ఆరు నెలలు దాటిన బిడ్డకి భయం లేదు.

"ఎన్నాళ్ళు ఇలా మెత్తగా పెట్టాలి?" అన్నది అమ్మాయి చివరి ప్రశ్న. సీసాల్లో అమ్మే నున్నని గుజ్జుల కథ చెబితే జవాబు అందులోనే దొరుకుతుంది. 1927లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఫ్రీమాంట్‌లో డొరతీ గెర్బర్ అనే తల్లి తన కూతురి కోసం బటానీలు ఉడికించి జల్లెడ పట్టేది. భర్త కుటుంబానికి డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. ఆ పనేదో ఫ్యాక్టరీలో చేస్తే బాగుండదా అని ఆమె అడిగింది, 1928లో డబ్బా గుజ్జులు బజారుకొచ్చాయి. తర్వాత దశాబ్దాల్లో ఆ దేశంలో రెండు మూడు నెలల పసివాళ్ళకే వాటిని పెట్టేసేవారు. ఆ వయసులో నాలుక తిండిని వెనక్కి నెట్టలేదు, బయటికి తోస్తుంది. అందుకే తిండి అంత నున్నగా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే అంటున్నాం, 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే. ఆరు నెలల బిడ్డ మెడ నిలుపుతుంది, ఆనుకుని కూర్చుంటుంది, చిగుళ్ళతో నమలడం నేర్చుకుంటుంది. ఆ బిడ్డకి జల్లెడ పట్టినంత నున్నదనం ఎక్కువ రోజులు అక్కర్లేదు. ఆడపిల్లకి అన్నప్రాసన బేసి నెలలో చెయ్యాలని మనవాళ్ళ పట్టింపు. ఐదో నెల బదులు ఏడో నెలకి ముహూర్తం పెట్టించుకోండి, అదీ బేసి నెలే, ఆరు నెలలూ నిండి ఉంటాయి.

మొదటి రెండు మూడు వారాలు మెత్తగా, తర్వాత పప్పుగుత్తి పోటు తగ్గించి కాస్త బరకగా, ఎనిమిది నెలలకి చిన్న చిన్న మెత్తని ముద్దలుగా, వేళ్ళతో పట్టుకోగల ఉడికిన కేరట్ ముక్కలుగా మార్చుకుంటూ రావాలి. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతంలో వేలమంది పిల్లల్ని పుట్టుక నుంచి గమనించారు. తొమ్మిది నెలలు దాటేదాకా ముద్దలు ఎరగని పిల్లలు తర్వాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారు. ఏడేళ్ళ వయసులో కూడా వాళ్ళు కూరలు, పళ్ళు తక్కువే తిన్నారు. నమలడం నేర్చుకోవడానికీ ఒక ఈడుంటుంది.

రుచి కూడా అంతే. తీపి పుట్టుకతో వచ్చిన ఇష్టం, చేదు పరిచయం చేయాలి. తోటకూర మొదటిసారి పెడితే మొహం చిట్లించి ఉమ్మేస్తుంది. "దీనికి నచ్చలేదు" అని ఆపేయొద్దు. ఎనిమిది, పది సార్లు వేర్వేరు రోజుల్లో చెంచాడు చొప్పున పెడుతూ ఉంటే చాలామంది పిల్లలు తినడం మొదలుపెడతారు. ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా అనే శాస్త్రవేత్త 2001లో ప్రచురించిన పరిశోధనలో, గర్భంతో ఉండగానో పాలిస్తుండగానో కేరట్ రసం తాగిన తల్లుల పిల్లలు, కేరట్ కలిపిన తిండిని అంతగా మొహం చిట్లించకుండా తిన్నారు. తల్లి తిన్న కూర వాసన బిడ్డకి ముందే చేరుతుంది. కాబట్టి అమ్మలూ, మీరు కూడా మునగాకు, తోటకూర పక్కన పెట్టకుండా తినండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం రెండున్నర కిలోల పొట్లం తెచ్చుకోండి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె ఉన్న పిండి అది. చక్కెర ఇప్పటికే కలిపి ఉంటుంది, మళ్ళీ వేయొద్దు. చిక్కగా కలిపి అందులో గుమ్మడి గుజ్జు వేస్తే మంచి పూట తిండి. నెలనెలా బరువు తూయించి మాతా శిశు సంరక్షణ కార్డులో గీత చూసుకోండి. ఆ గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చినవి, వాటికోసం ఆరు దేశాల పిల్లల్ని తూచారు, అందులో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. ఒక్క నెల తూకం చూసి కంగారు పడొద్దు, మన బిడ్డ గీత కార్డు మీది గీతలతో పాటు పైకి పోతోందా లేదా చూడాలి. రెండు నెలలు వరసగా అడ్డంగా సాగినా, కిందికి వంగినా పిల్లల డాక్టరుకి చూపించాలి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకాతో పాటు విటమిన్-ఎ మొదటి మోతాదు, లక్ష యూనిట్లు వేస్తారు. ఆ రోజుకి కార్డు మరిచిపోకుండా సంచిలో పెట్టుకోమని అమ్మాయికి చెప్పాను.